కౌబాయ్ యాక్షన్ షూటింగ్‌కు ఏమేమి కావాలి, ఏ క్రమంలో కొనాలి: కొత్తవారికి సమగ్ర మార్గదర్శి

కౌబాయ్ యాక్షన్ షూటింగ్ 1980ల తొలినాళ్లలో దక్షిణ కాలిఫోర్నియాలో పుట్టిన పోటీ క్రీడ. 1987లో ఏర్పడిన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ దీనికి నియమావళి రాసి, అమెరికా అంతటా ఉన్న క్లబ్బులను ఒక్క తాటి మీదికి తెచ్చింది. ఆ సంస్థను ఆటగాళ్లు క్లుప్తంగా సాస్ అంటారు. 19వ శతాబ్దపు అమెరికా పశ్చిమ ప్రాంతంలో వాడిన తుపాకులను, లేదా అదే నమూనాలో నేడు తయారవుతున్న తుపాకులను మాత్రమే ఇందులో వాడనిస్తారు.

ఒక్కో పోటీదారుకు నాలుగు తుపాకులు కావాలి: సింగిల్ యాక్షన్ రివాల్వర్లు రెండు, రివాల్వర్ తూటానే కాల్చే లీవర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగ్గర్ చుట్టూ ఉన్న మీటను కిందికి, పైకి ఆడించి తూటా నింపే రైఫిల్) ఒకటి, పాతకాలపు షాట్‌గన్ ఒకటి. సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో ప్రతి గుండుకూ ముందు బొటనవేలితో హ్యామర్‌ను (తూటాను పేల్చే సుత్తి లాంటి భాగాన్ని) వెనక్కి లాగి, ఆ తర్వాతే ట్రిగ్గర్ నొక్కాలి. ఒక్కో స్టేజ్‌లో, అంటే పోటీలోని ఒక్కో అంచెలో, సాధారణంగా రివాల్వర్లతో పది, రైఫిల్‌తో పది, షాట్‌గన్‌తో నాలుగు నుంచి ఆరు వరకు కాల్చవలసి ఉంటుంది. ఉక్కు పలకలను ఏ వరుసలో కొట్టాలో ముందే చెబుతారు. పట్టిన సమయమే స్కోరు. తప్పిన ప్రతి గుండుకూ 5 సెకన్లు, వరుస తప్పితే 10 సెకన్లు దానికి కలుస్తాయి.

నాలుగు తుపాకులు, వాటికి తోలు సామాను, వందలకొద్దీ తూటాలు కావలసిన ఆట కనుక, ఏది ముందు, ఏది తర్వాత అనే క్రమమే ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం. కొత్తవారు చాలామంది కంటికి నచ్చిన రివాల్వర్‌ను ముందు కొని, దానికి జత కలిసే రైఫిల్ కోసం, ఆ రెంటికీ సరిపడే తూటాల కోసం తర్వాత వెతుకుతారు. నేను సూచించేది దీనికి ఎదురు క్రమం. ముందు పోటీని చూడాలి, అరువు తుపాకులతో కాల్చి చూడాలి, ఏ తూటా వాడాలో నిర్ణయించుకోవాలి, ఆ తూటాకు తగిన తుపాకులను ఆ తర్వాతే కొనాలి.

మొదటి అడుగు: చట్టం మీకు ఏమి అనుమతిస్తుందో తెలుసుకోండి

అమెరికాలో ఉంటున్న తెలుగువారిలో చాలామంది హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 వంటి వీసాలపై ఉన్నారు కనుక, ఈ విషయాన్ని మిగతా అన్నిటికంటే ముందు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను. నాన్‌ఇమిగ్రంట్ వీసాపై దేశంలోకి వచ్చినవారు తుపాకిని గాని, తూటాను గాని తమ అధీనంలో ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. ఈ నిషేధం కొనుగోలుకే పరిమితం కాదు; కాల్పుల రేంజ్‌లో మిత్రుడి తుపాకి తీసుకుని నాలుగు గుండ్లు కాల్చడం కూడా దీని కిందికి రావచ్చు. అమెరికాలో జారీ అయిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు కలిగినవారికి చట్టంలో ఒక మినహాయింపు ఉంది. అయితే ఇమిగ్రేషన్ వ్యవహారాలు తెలిసిన న్యాయవాదితో మాట్లాడకుండా ఆ మినహాయింపుపై ఆధారపడవద్దు. తుపాకికి సంబంధించిన నేరం రుజువైతే దేశం నుంచి పంపివేయడానికి అదే కారణం కాగలదు. ఈ వీసాలపై ఉన్నవారు పోటీని ప్రేక్షకులుగా చూడటానికి ఏ అడ్డంకీ లేదు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా అంతవరకే పరిమితం కావడం క్షేమం.

గ్రీన్‌కార్డు ఉన్నవారు, పౌరులు లైసెన్సు గల డీలర్ వద్ద 4473 ఫారం నింపి, నేపథ్య తనిఖీ ముగిశాక తుపాకి కొనవచ్చు. గ్రీన్‌కార్డుదారులు ఆ ఫారంలో తమ ఏలియన్ నంబరు రాయాలి. డీలర్ వద్ద రివాల్వర్ కొనడానికి 21 ఏళ్లు, రైఫిల్ లేదా షాట్‌గన్ కొనడానికి 18 ఏళ్లు నిండి ఉండాలి. రివాల్వర్‌ను సొంత రాష్ట్రంలోని డీలర్ ద్వారానే తీసుకోవాలి; వేరే రాష్ట్రంలో అమ్మకానికి కనిపించినా, దాన్ని మీ ఊరి డీలర్‌కు పంపించుకుని అక్కడ ఫారం నింపి తీసుకోవలసిందే. దీనిపైన రాష్ట్రాల చట్టాలు ఉంటాయి. న్యూజెర్సీలో రివాల్వర్ కొనడానికి ముందుగా అనుమతి పత్రం పొందాలి, ఇల్లినాయిస్‌లో తుపాకి యజమానుల గుర్తింపు కార్డు ఉండాలి, కాలిఫోర్నియాలో కొన్న తుపాకి చేతికి రావడానికి పది రోజులు ఆగాలి, టెక్సాస్‌లో ఇటువంటి ప్రత్యేక కొనుగోలు అనుమతి అక్కరలేదు.

రెండో అడుగు: ఒక పోటీని మొదటి నుంచి చివరిదాకా చూడండి

చాలా క్లబ్బులు నెలకు ఒకటి రెండు సార్లు వారాంతాల్లో పోటీలు నిర్వహిస్తాయి. చూడటానికి వెళ్లేవారు కూడా కళ్లజోడు, చెవి రక్షణ వెంట తీసుకువెళ్లాలి. అక్కడ పోటీదారులు పోసీ అనే చిన్న బృందాలుగా విడిపోయి స్టేజ్ నుంచి స్టేజ్‌కు కలిసి వెళతారు. తుపాకులన్నీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. కాల్చే వంతు దగ్గరపడినప్పుడు మాత్రమే, లోడింగ్ బల్ల వద్ద, మరొకరి పర్యవేక్షణలో తూటాలు నింపుతారు. కాల్చడం ముగిశాక అన్‌లోడింగ్ బల్ల వద్ద అన్నీ ఖాళీ అయ్యాయని ఇంకొకరికి చూపించాలి. ఒకరు టైమర్ పట్టుకుంటారు, ముగ్గురు తప్పిన గుండ్లను లెక్కిస్తారు, మిగతావారు పలకలు సరిచేసి, కింద రాలిన, కాల్చిన తూటాల ఖాళీ ఇత్తడి తొడుగులు ఏరుతారు. ఈ పనులన్నీ పోటీదారులే చేసుకుంటారు కనుక, రేపు మీరూ చేయవలసిన వాటిని చూసి నేర్చుకోండి.

వేగంగా కాల్చేవారిని చూసి మైమరచిపోవడం సహజం, కాని కొనుగోలుకు పనికివచ్చే పాఠం వారివద్ద దొరకదు. నడిమి స్థాయివారిని గమనించండి. ఎవరి రైఫిల్ అడ్డుపడుతోంది, ఎవరి షాట్‌గన్ నుంచి ఖాళీ తొడుగులు సులువుగా జారిపడుతున్నాయి, ఎవరు రివాల్వర్‌ను ఒరలోకి చూడకుండానే పెట్టగలుగుతున్నారు అన్నవి చూసి, మధ్యలో విరామం దొరికినప్పుడు వారిని అడగండి. ఈ క్రీడలో కొత్తవారికి తమ తుపాకులు ఇచ్చి కాల్చి చూడమనే అలవాటు బలంగా ఉంది. ఇంత ఉదారత నాకు మరే ఆటలోనూ కనిపించలేదు. చట్టపరంగా మీకు అడ్డంకి లేకపోతే ఆ ఆహ్వానాన్ని తప్పక అందుకోండి. కనీసం రెండు రకాల రివాల్వర్లు, రెండు రకాల రైఫిళ్లు కాల్చి చూసేదాకా ఏదీ కొనవద్దు. సాస్ నియమావళి ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి కనుక కొనుగోలుకు ముందు తాజా ప్రతిని చదవండి.

మూడో అడుగు: కళ్లు, చెవులు, సీసం

మొట్టమొదట డబ్బు పెట్టవలసింది కళ్లజోడు మీద. రివాల్వర్ లక్ష్యాలు సాధారణంగా పది గజాల లోపే ఉంటాయి. మెత్తని సీసపు గుండు ఉక్కు పలకకు తగలగానే నలిగి ముక్కలై చుట్టూ చిమ్ముతుంది, ఆ తునకలు కొన్ని వెనక్కి కూడా వస్తాయి. అందువల్ల జెడ్87.1 ప్రమాణం ముద్ర ఉండి, పక్కలను కూడా కప్పే జోడే కావాలి. మామూలు చూపు అద్దాలు ఆ పని చేయవు. చూపు అద్దాలు వాడేవారు వాటిపై పెట్టుకునే జోడు గాని, పవర్‌తో చేయించిన రక్షణ జోడు గాని తీసుకోవాలి. చెవులకు మఫ్‌ల కంటే చెవి లోపల పెట్టుకునే ప్లగ్గులు నయం, ఎందుకంటే వెడల్పు అంచు టోపీకి, రైఫిల్ మడమకు చెంప ఆనించడానికి మఫ్‌లు అడ్డొస్తాయి.

సీసం గురించి కొత్తవారికి ఎవరూ తగినంత చెప్పరు. ఈ ఆటలో వాడేది సీసపు గుండ్లే. ఖాళీ తొడుగులపై, చేతులపై, బట్టలపై దాని ధూళి పేరుకుంటుంది. రేంజ్‌లో చేతులు కడగకుండా ఏమీ తినవద్దు, తాగవద్దు. చల్లని నీళ్లతో, సబ్బుతో కడగాలి. బూట్లు గడప బయటే విడవాలి, ఆ రోజు బట్టలు విడిగా ఉతకాలి. ఇంట్లో చిన్న పిల్లలున్నవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని పెద్దలకు చేసే హాని కంటే ఎక్కువ.

నాలుగో అడుగు: తూటాను ఎంచుకోండి

అన్ని నిర్ణయాల్లోనూ ఇదే పెద్దది. రెండు రివాల్వర్లూ, రైఫిలూ ఒకే తూటా కాల్చేలా ఉండాలి. నియమం అలా అనదు, అనుభవం అంటుంది. గడియారం నడుస్తుండగా, లోడింగ్ బల్ల వద్ద తొందర పడుతుండగా, రెండు రకాల తూటాలు ఒకే సంచిలో ఉంటే ఏదో ఒక రోజు తప్పుడు తూటా తప్పుడు తుపాకిలోకి వెళుతుంది. 1873లో వించెస్టర్ రైఫిల్ .44-40 తూటాతో వచ్చిన కొన్నేళ్లకే కోల్ట్ సంస్థ అదే తూటాకు రివాల్వర్ చేయడం వెనక ఉన్న అవసరం కూడా ఇదే: సరిహద్దు ప్రాంతంలో తిరిగేవాడికి ఒక్క బెల్టు తూటాలతో రెండు తుపాకులూ నడవాలి.

నేడు ఎంపిక ముఖ్యంగా మూడింటి మధ్య ఉంటుంది. .38 స్పెషల్ తూటా చవక, ఎక్కడైనా దొరుకుతుంది, తక్కువ తుపాకిమందుతో సమంగా మండుతుంది, చేతికి తగిలే ఎదురుదెబ్బ కూడా తక్కువ. .357 మాగ్నమ్‌కు చేసిన రివాల్వర్‌లోనూ, రైఫిల్‌లోనూ దీన్ని కాల్చవచ్చు. .45 కోల్ట్ చరిత్రకు దగ్గరైనది, దాని మోత, పలకకు తగిలినప్పుడు వచ్చే శబ్దం వేరు. అయితే పాతకాలపు తుపాకిమందు కోసం రూపొందించిన ఆ పెద్ద తొడుగులో నేటి మందు కొద్దిగా పోస్తే మంట సమంగా ఉండక, మసి వెనక్కి వచ్చి రైఫిల్ లోపలి భాగాలు త్వరగా మురికి పడతాయి. పైగా దాని అంచు సన్నం కనుక 19వ శతాబ్దంలో ఏ లీవర్ రైఫిలూ ఈ తూటాకు తయారు కాలేదు. నేటి రైఫిళ్లలో మాత్రం బాగానే నడుస్తుంది. .44-40 తొడుగు గోడలు పలచన. కాల్చినప్పుడు అవి ఛాంబర్‌ను (తూటా కూర్చునే గదిని) గట్టిగా మూసి మసిని వెనక్కి రానివ్వవు, అందుకే పాతకాలపు మందుతో కాల్చే విభాగాలవారికి అది ప్రీతిపాత్రం. కాని తొడుగులు సున్నితమైనవి కనుక ఇంట్లో తిరిగి నింపడం కష్టం, దుకాణంలో ధర ఎక్కువ.

నా సలహా సూటిగా చెబుతాను: ప్రత్యేకంగా పాతకాలపు మందుపై మనసు ఉంటే తప్ప, .357 మాగ్నమ్‌కు చేసిన తుపాకులు కొని వాటిలో .38 స్పెషల్ కాల్చండి. చేతి బలం తక్కువగా ఉన్నవారికి, ఇదే తుపాకులు ఇంట్లో భార్యాభర్తలిద్దరూ వాడుకోవాలనుకునేవారికి దీన్ని మించినది లేదు. ఒకే నమూనా రివాల్వర్‌లో .38 రకం .45 కంటే కొంచెం బరువుగా ఉంటుంది, ఎందుకంటే చిన్న రంధ్రాలు చేయడానికి తీసేసే ఉక్కు తక్కువ. ఆ బరువు కూడా ఎదురుదెబ్బను తగ్గిస్తుంది.

తూటా ఏదైనా కొన్ని నియమాలు మారవు. గుండు పూర్తిగా సీసంతో ఉండాలి. రాగి తొడుగు గుండ్లు ఉక్కు పలకపై ప్రమాదకరం కనుక నిషిద్ధం. గుండు వేగం రివాల్వర్‌లో సెకనుకు 1,000 అడుగులు, రైఫిల్‌లో 1,400 అడుగులు దాటకూడదు. మరీ తక్కువ మందు వేసి మోసం చేయకుండా కింది హద్దు కూడా ఉంది: గ్రెయిన్లలో (తూటాల బరువుకు వాడే చిన్న కొలతలో) గుండు బరువును సెకనుకు అడుగుల్లో వేగంతో గుణించి వెయ్యితో భాగిస్తే కనీసం 60 రావాలి. 105 గ్రెయిన్ల గుండు 600 అడుగుల వేగంతో వెళితే 63 వస్తుంది, కనుక అది చెల్లుతుంది. రైఫిల్ తూటాలకు మరొక జాగ్రత్త తప్పనిసరి. గొట్టం మాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి, వెనకదాని ముక్కు ముందున్నదాని ప్రైమర్‌కు (తూటా అడుగున ఉండి మందును అంటించే బిళ్లకు) ఆనుతుంది. మొనదేలిన ముక్కు ఎదురుదెబ్బకు ప్రైమర్‌ను పేల్చగలదు. అందువల్ల చదునైన ముక్కు గుండ్లే కొనండి.

ఐదో అడుగు: రివాల్వర్లు

చాలామంది కొనేవి రెండు రకాలు. మొదటివి 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ నమూనాలో ఇటలీలోని ఉబెర్టి వంటి సంస్థలు చేసేవి. రెండోది అమెరికాలోని రూగర్ సంస్థ 1993లో ప్రవేశపెట్టిన వాకేరో, 2005 నుంచి కొంచెం చిన్న చట్రంతో వస్తున్న న్యూ వాకేరో. ఇటలీ నమూనాలు చేతిలో అచ్చం పాతవాటిలాగే ఉంటాయి, కాని లోపలి స్ప్రింగులు కొన్ని విరిగే అవకాశం ఉంది. రూగర్‌లో చుట్ట స్ప్రింగులు ఉంటాయి, ఏళ్ల తరబడి కాల్చినా పెద్దగా మరమ్మతు అడగదు. చేయి పరిమాణం చూసుకోండి: హ్యామర్‌పైకి బొటనవేలు సులువుగా అందాలి, దానికోసం పట్టు మార్చవలసి రాకూడదు. గొట్టం పొడవు నాలుగున్నర నుంచి ఐదున్నర అంగుళాల మధ్య ఉంటే ఒరలోంచి తీయడానికి, తిరిగి పెట్టడానికి అనువుగా ఉంటుంది. రెండూ ఒకే నమూనావి, ఒకే పొడవువి తీసుకోండి.

సిలిండర్‌లో ఆరు గదులున్నా ఐదు తూటాలే నింపి, హ్యామర్‌ను ఖాళీ గదిపై దించి ఉంచాలన్నది నియమం. కోల్ట్ నమూనాలో హ్యామర్‌ను సగం వరకు లాగి, ఒక తూటా పెట్టి, ఒక గది వదిలి, నాలుగు తూటాలు పెట్టి, హ్యామర్‌ను పూర్తిగా లాగి మెల్లగా దించితే అది సరిగ్గా ఖాళీ గదిపై ఆగుతుంది. ఈ క్రమాన్ని డమ్మీ తూటాలతో ఇంట్లోనే చేతికి అలవాటు చేసుకోండి. రూగర్‌లో సగం లాగే పని లేదు, తూటాలు పెట్టే చిన్న తలుపు, అంటే లోడింగ్ గేటు, తెరిస్తే సిలిండర్ తిరుగుతుంది. హ్యామర్ తూటాకు నేరుగా తగలకుండా అడ్డుకునే భాగం దానిలో ఉన్నా ఐదు తూటాల నియమం దానికీ వర్తిస్తుంది.

ఆరో అడుగు: రైఫిల్

1866, 1873 వించెస్టర్ల నమూనాలు, జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1892 నమూనా, మార్లిన్ 1894 ఈ ఆటలో ఎక్కువగా కనిపిస్తాయి. 1873 నమూనాలో మోకీలులా మడిచి తెరుచుకునే కీళ్ల యంత్రం ఉంటుంది, తూటా తిన్నగా ఛాంబర్‌లోకి వెళుతుంది, లీవర్ కదలిక వెన్నలా సాగుతుంది. వేగమే ప్రాణమైనవారు దీన్నే ఎంచుకుంటారు. 1892 యంత్రం అంతకంటే దృఢమైనది, తేలికైనది, ధర తక్కువ. అయితే తూటా పొడవులో చిన్న తేడా వచ్చినా కొన్ని రైఫిళ్లు అడ్డుపడతాయి. ఏ రైఫిల్ అయినా మీరు పోటీలో వాడబోయే తూటాలతోనే కనీసం వంద గుండ్లు ఆగకుండా నడుస్తుందో లేదో పరీక్షించండి. నియమాలు అనుమతించే లీవర్ దూరం తగ్గించే మార్పులు ఉన్నాయి గాని, మొదటి ఏడాది వాటిపై డబ్బు పెట్టవద్దు. ఆ డబ్బుతో తూటాలు కొని కాల్చడం వల్ల కలిగే మేలు ఎక్కువ.

ఏడో అడుగు: షాట్‌గన్, సమయమంతా పోయేది ఇక్కడే

స్టేజ్ మొదలయ్యేటప్పుడు షాట్‌గన్ ఖాళీగా, తెరిచి ఉంటుంది. గడియారం నడుస్తుండగానే నడుము బెల్టు నుంచి తూటాలు తీసి నింపి కాల్చాలి. కొత్తవారు రివాల్వర్ వేగం గురించి బెంగపడతారు, కాని స్టేజ్‌లో సమయం ఎక్కువగా జారిపోయేది షాట్‌గన్ నింపడంలోనే. కాబట్టి ఈ తుపాకి విషయంలో నేను చెప్పేదానిపై ఎక్కువ శ్రద్ధ పెట్టమని కోరుతున్నాను.

రెండు దారులున్నాయి. మొదటిది పక్కపక్కన రెండు గొట్టాలుండే జంట గొట్టాల తుపాకి. దీనిలో ఖాళీ తొడుగులను తనంతట తాను బయటికి విసిరే ఆటోమాటిక్ ఎజెక్టర్లు ఉండకూడదు. రెండోది బయటికి కనిపించే హ్యామర్ ఉన్న పంప్ తుపాకి, అంటే వించెస్టర్ 1897 నమూనా. 1887 లీవర్ షాట్‌గన్ కూడా చెల్లుతుంది గాని కొత్తవారికి సిఫారసు చేయను. 1897 సరిగ్గా పనిచేస్తే చాలా వేగంగా నడుస్తుంది, కాని పాత తుపాకులు అరిగి ఉండవచ్చు, వాటిని ఎరిగిన గన్‌స్మిత్ దగ్గర లేకపోతే చిక్కు. అందుకే మొదటి తుపాకిగా 12 గేజ్ జంట గొట్టాల కోచ్ గన్ (పొట్టి గొట్టాల షాట్‌గన్) మేలు; భుజం సున్నితమైనవారు అంతకంటే సన్నని గొట్టాల 20 గేజ్ తీసుకోవచ్చు. ధరలో కూడా ఇది అన్నిటికంటే అందుబాటులో ఉంటుంది.

కొన్న జంట గొట్టాల తుపాకిపై చేయించవలసిన పని ఒకటుంది: ఛాంబర్లను నున్నగా పాలిష్ చేయించడం. అది చేశాక తుపాకిని తెరిచి మణికట్టుతో వెనక్కి ఒక్క కుదుపు కుదిపితే ఖాళీ తొడుగులు రెండూ ఊడిపడతాయి. చేయించకపోతే వేళ్లతో పీకవలసి వస్తుంది. తూటా తొడుగుల ఎంపిక కూడా దీనిలో భాగమే. పొడవునా గీతలున్న ప్లాస్టిక్ తొడుగులు ఛాంబర్‌కు అతుక్కుంటాయి. వించెస్టర్ డబుల్ ఏ, రెమింగ్టన్ ఎస్‌టీఎస్ వంటి నున్నని తొడుగులు జారిపోతాయి. ఎదురుదెబ్బ తక్కువగా ఉండే, ఏడున్నర లేదా ఎనిమిదో నంబరు చిన్న సీసపు గుళ్లున్న తూటాలు కొనండి. ఉక్కు గుళ్లు, మాగ్నమ్ తూటాలు నిషిద్ధం.

ఎనిమిదో అడుగు: తోలు సామాను

తుపాకులు కొన్నాకే తోలు కొనాలి, ఎందుకంటే ఒర ఆ తుపాకికే సరిపోవాలి. కాని దాన్ని చివరి మిగులు డబ్బుతో తేల్చేయడం పెద్ద పొరపాటు. మెత్తని చవక ఒర రివాల్వర్ తీయగానే నోరు మూసుకుపోతుంది. దాన్ని తిరిగి పెట్టడానికి రెండో చేయి వాడవలసి వస్తుంది, లేదా తుపాకి జారి కిందపడుతుంది. ఖాళీ తుపాకి కింద పడేస్తే ఆ స్టేజ్ నుంచి, తూటాలున్నది పడేస్తే మొత్తం పోటీ నుంచి బహిష్కరిస్తారు. అందువల్ల ఒర నోటి చుట్టూ మందపాటి తోలు ఉండి, ఖాళీగా ఉన్నప్పుడు కూడా తెరుచుకునే ఉండాలి. ఒర నిట్టనిలువు నుంచి 30 డిగ్రీలకు మించి వాలి ఉండకూడదు.

రెండు రివాల్వర్లను తుంటికి రెండు వైపులా పెట్టుకోవచ్చు, లేదా ఒకదాన్ని పొట్టకు అడ్డంగా క్రాస్ డ్రా పద్ధతిలో పెట్టుకోవచ్చు. తుపాకి గొట్టం ఎప్పుడూ లక్ష్యాల వైపు 170 డిగ్రీల పరిధిలోనే ఉండాలి. క్రాస్ డ్రాలో తీసేటప్పుడు, పెట్టేటప్పుడు ఒంటిని తిప్పకపోతే గొట్టం ఆ పరిధి దాటి పక్కవారి వైపు తిరుగుతుంది. ఒంటిని తిప్పే ఆ కదలిక ఒంటబట్టేదాకా కొత్తవారు రెండు వైపుల ఒరలే వాడాలని నా గట్టి అభిప్రాయం. షాట్‌గన్ తూటాలకు వేరే బెల్టు కావాలి. ఒక్కో వలయంలో రెండేసి తూటాలు పట్టేది తీసుకుంటే ఒకేసారి రెండూ పట్టి జంట గొట్టాల్లోకి నింపవచ్చు. నైలాన్ ఒరలు, వెల్క్రో పట్టీలు చెల్లవు. పోటీ ముగిశాక తుపాకులను ఒరల్లోనే వదిలేయవద్దు, తోలు తేమను పీల్చి ఉక్కుకు తుప్పు పట్టిస్తుంది.

తొమ్మిదో అడుగు: తూటాల సరఫరా

ఆరు స్టేజుల పోటీకి రివాల్వర్లకు అరవై, రైఫిల్‌కు అరవై, షాట్‌గన్‌కు ముప్ఫై ఆరు దాకా తూటాలు కావాలి. పైన కొన్ని అదనంగా ఉంచుకోవాలి. మొదటి కొన్ని పోటీలకు దుకాణంలో దొరికే, కౌబాయ్ లోడ్ అని పెట్టెపై రాసి ఉన్న తూటాలు కొనండి. ప్రతి పోటీలోనూ మీ ఇత్తడి తొడుగులు ఏరి దాచుకోండి. ఆట మీకు నిజంగా పట్టుబడ్డాక, ఇంట్లో తూటాలు నింపే ప్రెస్ గురించి ఆలోచించవచ్చు. ఒక్కొక్కటిగా చేసే సాధారణ ప్రెస్‌తో నేర్చుకోవడం మంచిది. వేగంగా నడిచే ప్రోగ్రెసివ్ ప్రెస్‌పై కొత్తవారు ఒక తొడుగులో రెండుసార్లు మందు పోసే ప్రమాదం ఉంది. .38 స్పెషల్ తొడుగులో కొద్ది మందు రెండింతలైనా పైకి పొంగదు, కనుక ప్రతి తొడుగులోకీ కంటితో చూడటం తప్పనిసరి. మందు కొలతలు ప్రచురితమైన పుస్తకాల నుంచే తీసుకోండి. మిత్రుడి నోటిమాటపై ఎన్నడూ నింపవద్దు.

పదో అడుగు: దుస్తులు, మారుపేరు

ఇది సులువు, సరదా అయిన భాగం. సాస్ సభ్యులు ఒక్కొక్కరు పశ్చిమ ప్రాంతపు శైలిలో మారుపేరు నమోదు చేసుకోవాలి, ఒకరి పేరు మరొకరికి ఇవ్వరు. కాబట్టి ముందే రెండు మూడు ఆలోచించి పెట్టుకోండి. పొడుగు చేతుల చొక్కా, జీన్స్ లేదా పాతకాలపు ప్యాంటు, వెడల్పు అంచు టోపీ, తోలు బూట్లు ఉంటే చాలు. టీషర్టులు, బేస్‌బాల్ టోపీలు, స్పోర్ట్స్ షూలు చెల్లవు. హాలీవుడ్ పాత కౌబాయ్ చిత్రాల అలంకరణకు బి-వెస్టర్న్ అనే ప్రత్యేక విభాగం ఉంది. నటుడు కృష్ణ కౌబాయ్ వేషాన్ని తెరపై చూసి పెరిగిన తరానికి ఆ మెరుపు దుస్తులు తప్పక నచ్చుతాయి, కాని ఆ విభాగానికి అదనపు నియమాలున్నాయి కనుక మొదటి ఏడాది వయసు విభాగంలోనే పోటీ చేయండి.

పదకొండో అడుగు: మొదటి పోటీ, ఆ తర్వాతి సంరక్షణ

నాలుగు తుపాకులకు కలిపి సుమారు మూడు వేల నుంచి నాలుగు వేల డాలర్లు పట్టవచ్చు. క్లబ్బు సభ్యుల వద్ద వాడిన తుపాకులు దొరికితే అవి నయం, ఎందుకంటే ఈ ఆటకు అవసరమైన నునుపు, సర్దుబాటు వాటికి అప్పటికే అయి ఉంటాయి. చట్టప్రకారం బదిలీ చేయించుకోవడం మాత్రం మరువకండి. పోటీకి వెళ్లేముందు ఇంట్లో వేరే గదిలో అసలు తూటాలు పెట్టి తాళం వేసి, డమ్మీ తూటాలతో షాట్‌గన్ నింపడం, రివాల్వర్ ఒరలో పెట్టడం రోజూ కొంతసేపు సాధన చేయండి. పోటీ రోజున నిర్వాహకులకు, పోసీ మార్షల్‌కు మీరు కొత్తవారని స్పష్టంగా చెప్పండి. అప్పుడు ఒక అనుభవజ్ఞుడు లోడింగ్ బల్ల నుంచి చివరిదాకా మీ పక్కనే ఉంటారు. మొదటి ఆరు స్టేజుల్లో వేగాన్ని పూర్తిగా పక్కన పెట్టి, వరుస తప్పకుండా, గొట్టం దిశ తప్పకుండా పూర్తి చేయడమే లక్ష్యంగా పెట్టుకోండి.

ఇంటికి వచ్చాక తుపాకులు శుభ్రం చేసి, పలచగా నూనె రాసి, తాళం వేసిన ఇనుప బీరువాలో పెట్టండి. తూటాలు దానికి దూరంగా వేరే చోట తాళం వేసి ఉంచండి. రేంజ్‌కు వాడే సంచిని ఆ పనికే కేటాయించండి, ప్రయాణాలకు ఎన్నడూ వాడవద్దు. జేబు మడతలో మరచిపోయిన ఒక్క .38 తూటా హైదరాబాద్ లేదా విజయవాడ విమానాశ్రయంలో బయటపడినా, లైసెన్సు లేకుండా తూటా కలిగి ఉన్నందుకు భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు నమోదు కావచ్చు. కౌబాయ్ దుస్తుల జేబులకు, తోలు బెల్టు వలయాలకు కూడా ఇదే వర్తిస్తుంది; ఊరికి బయలుదేరేముందు వాటన్నిటినీ బోర్లించి చూసుకోండి.